నూట పన్నెండు ఓట్లు

మా అమ్మ ఊరిని ఏలే కాపితాన్ పదవికి నిలబడిన ఆ అక్టోబరులో మా ఇంట్లో ఓట్లు మూడు. అమ్మది, నాన్నది, నాది. జాబితాలో నాయనమ్మ పేరు కూడా ఉంది గానీ ఆవిడ పోయి అప్పటికి ఏడాది. ఆవిడ ఇంకొక్క ఏడాది ఓపిక పట్టి ఉంటే మా ఇంట్లో అంత గొడవ జరిగేది కాదని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

అసలు సంగతి సెప్టెంబరులో మొదలైంది. మా ఊరు బంతిగిలో ఆటుకు నీరు బాగా తీసిన రోజున ఆడవాళ్ళం బుట్టలు పట్టుకుని పగడపు దిబ్బ మీదికి గుల్లలు ఏరడానికి వెళ్తాం. గాలి ఎక్కువై మగవాళ్ళు పడవలు దించలేని రోజుల్లో ఊరంతటికీ కూర ఆ బుట్టల్లోంచే రావాలి. ఆ రోజు వెళ్ళేసరికి దిబ్బ అంచు గుర్తుపట్టేట్టు లేదు. పట్నం ట్రాలర్లు రెండు బరువు వలలు ఈడ్చుకుంటూ దాని మీదుగా పోయాయి. నీటిగడ్డి వేళ్ళతో సహా లేచి తేలుతోంది. పగడం ముక్కలు ముక్కలై పడి ఉంది. మిగతావాళ్ళు ట్రాలర్లవాళ్ళ ఏడు తరాలనూ తిడుతుంటే అమ్మ బుట్ట కింద పెట్టింది. వంగి, విరిగిన ముక్కలు బుట్టనిండా ఏరి, నెత్తిన పెట్టుకుని తిన్నగా కాపితాన్ సెవెరో ఇంటికి నడిచింది. వెనకాల నేను.

ఆయన భోజనం దగ్గరున్నాడు. గడపలోకి ఎవరొచ్చినా మావాళ్ళు ముందు అడిగేదే ఆయనా అడిగాడు.

"రా మారె, తిన్నావా?"

"తినడానికే వచ్చాను పారె. ఇవి వండించు," అని అమ్మ బుట్టెడు పగడం ఆయన కంచం పక్కన బోర్లించింది.

సెవెరో చెడ్డవాడైతే మాకు సులువుగా ఉండేది. కాదు. నా జ్ఞానస్నానం రోజున నన్ను చేతుల్లో పట్టుకుని నిలబడినవాడు ఆయనే. బిడ్డకు జ్ఞానతండ్రి అయినవాడు మా దగ్గర తోడబుట్టినవాడితో సమానం. ఆ రోజు నుంచి ఆయనా నాన్నా ఒకరికొకరు పారె అయ్యారు, అమ్మ ఆయనకు మారె అయింది. పెద్ద తుఫాను మా ఇంటి కప్పు ఎత్తుకుపోయిన ఏడు, ఎవరూ అడక్కుండానే తన వంటిల్లు విప్పి ఆ రేకులు మోసుకొచ్చి మా నెత్తిన కప్పినవాడూ ఆయనే. కాకపోతే ఆయనకు గొడవంటే పడదు. ట్రాలర్ల మాట ఎత్తితే మాట్లాడదాం అంటాడు, చూద్దాం అంటాడు, వాళ్ళు పెద్దవాళ్ళు అంటాడు. అలా చూస్తూనే మూడేళ్ళు గడిచాయి. ఆ రోజు కూడా పగడం ముక్కలు కంచానికి దూరంగా జరుపుతూ, మాట్లాడదాంలే మారె అన్నాడు.

"నువ్వు మాట్లాడొద్దులే పారె. ఆ కుర్చీలో నేను కూర్చుని మాట్లాడతా," అంది అమ్మ. మర్నాడే వెళ్ళి నామినేషన్ వేసింది. నాన్నకు ఆ సంగతి ఊళ్ళోవాళ్ళు చెప్పారు.

నాన్న పేరు మకారియో. చేపలు పట్టడం ఆయన పని, పడవల మీద పేర్లు రాయడం ఆయన సరదా. బంతిగిలో ఏ పడవ ముక్కు చూసినా ఆయన చేతిరాతే. అక్షరాలు బొద్దుగా, కాస్త ముందుకి వాలి ఉంటాయి. పేరు రాయడం అయ్యాక కుంచె ఎత్తకుండా కింద మూడు వంపుల అల ఒకటి గీస్తాడు. అల లేని పేరు మునిగిపోతుందని ఆయన నమ్మకమో, చెయ్యి అలా అలవాటు పడిపోయిందో నాకు తెలియదు. నేను బడిలో చేరినప్పుడు నా పుస్తకాల మీద దెల్ఫినా అని రాసి దాని కిందా అలే గీశాడు.

అమ్మ నిలబడుతోందని విన్నాక నాన్న ఒకపూట వల బాగుచేస్తూ గడిపాడు. తర్వాత పాత పలకలు వెతికి తెచ్చి బోర్డులు రాయడం మొదలుపెట్టాడు. బసిలిసాను కాపితాన్‌గా ఎన్నుకోండి, కింద అల. ఇరవై బోర్డులు రాశాడు. చర్చి గోడకీ, బడి కంచెకీ, చేపలు ఎండబెట్టే పందిళ్ళకీ మేకులతో కొట్టాడు. అమ్మా నేనూ ఇల్లిల్లూ తిరిగి వచ్చేసరికి అన్నం వండి ఉంచేవాడు. నాన్న బంగారమని ఆ నెలంతా నేను పొంగిపోయాను.

బంతిగిలో డెబ్భై ఇళ్ళు. ప్రతి ఇంట్లో సగం మంది సెవెరోకు బంధువులు, మిగతా సగం మంది మాకు బంధువులు, కొందరు ఇద్దరికీ. అమ్మ ఎవరినీ బతిమాలలేదు. బుట్ట పట్టుకుని దిబ్బ మీదికి పోయే ఆడవాళ్ళను ఒకటే అడిగేది, నిరుడు మీ బుట్ట ఎంతసేపట్లో నిండేది, ఇప్పుడు ఎంతసేపు పడుతోందని. వాళ్ళే లెక్క చెప్పుకుని వాళ్ళే తల పట్టుకునేవాళ్ళు. సెవెరో తరఫువాళ్ళు వెటకారాలు ఆడకపోలేదు. బావి దగ్గర ఒకావిడ అందరూ వినేట్టు అంది.

"బసిలిసా కాపితాన్ అయితే ఇహ మకారియోనే వంట చేసుకోవాలి పాపం."

"ఇప్పుడెవరు చేస్తున్నారనుకున్నావ్?" అంది అమ్మ బిందె ఎత్తుకుంటూ. బావి దగ్గర నవ్వనివాళ్ళు లేరు.

ఎన్నిక సోమవారం జరిగింది. మధ్యాహ్నం మూడింటికి తలుపులు మూసి బడిలోనే లెక్క పెట్టారు. అమ్మ తరఫున ఏజెంటును నేను, సెవెరో తరఫున ఆయన అల్లుడు నార్డో. చీటీలు చదివేది ఎల్పిడియా టీచరు. ఊళ్ళో యాభై ఏళ్ళ లోపు వాళ్ళందరికీ అక్షరాలు దిద్దించింది ఆవిడే. మా ఎన్నికల్లో చీటీ మీద కావలసినవాళ్ళ పేరు ఎవరికి వాళ్ళే రాయాలి. రాసింది ఫలానావాళ్ళని తెలిసేలా గుర్తుగానీ బొమ్మగానీ గీస్తే ఆ చీటీ చెల్లదు. అభ్యంతరం ఉంటే ఏజెంట్లు అప్పటికప్పుడే చెప్పాలని, తర్వాత ఏడ్చి లాభం లేదని టీచరు పొద్దున్నే మా ఇద్దరికీ బల్ల మీద బెత్తంతో కొట్టి మరీ చెప్పింది.

ఆవిడ ఒక్కో చీటీ విప్పి పేరు చదువుతోంది. ఇంకో టీచరు నల్లబల్ల మీద గీతలు గీస్తోంది. కిటికీల చువ్వలకు ఊరంతా వేలాడుతోంది. ఒక కిటికీ దగ్గర అమ్మ నిలబడి ఉంది. నాన్న వసారా చివర కనపడీ కనపడకుండా కూర్చున్నాడు. గీతలు పక్కపక్కనే పెరుగుతూ వచ్చాయి. ఎవరికీ మూడు గీతలకు మించి ఆధిక్యం రాలేదు. అమ్మకు నూట పది, సెవెరోకు నూట తొమ్మిది ఉన్నప్పుడు టీచరు ఒక చీటీ విప్పి ఆగిపోయింది.

ఆవిడ దాన్ని చదవలేదు. కళ్ళజోడు పైకి తోసుకుని కాసేపు చూసింది. తర్వాత మా ఇద్దరి వైపూ తిప్పి పట్టుకుంది.

సెవెరో అని ఉంది. అక్షరాలు బొద్దుగా, ముందుకి వాలి ఉన్నాయి. కింద మూడు వంపుల అల.

నార్డో చూసి తల దించుకున్నాడు. కిటికీల దగ్గరివాళ్ళూ చూశారు. ఆ అల తెలియనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. వాళ్ళ పడవల మీద ఉంది, బోర్డుల మీద నెల రోజుల పాటు చూశారు. పాపం, కావాలని గీసి ఉండడు, అది నాకు తెలుసు. పేరు రాశాక ఆయన చెయ్యి ఆగదు. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై బోర్డులు రాసిన చేత్తో, మాకు అన్నం వండిపెట్టిన చేత్తో ఈ పేరు ఎలా రాశాడు? నేను లేచి నిలబడి, ఇది ఎవరి చీటీయో నాకు తెలుసు టీచర్ అంటే చాలు. అది చెల్లదు. అమ్మ ఒక ఓటు ముందే ఉంటుంది.

"ఫినా, అభ్యంతరం ఉందా?" అని అడిగింది టీచరు. ఆవిడ గొంతు మెత్తగా ఉంది. నేను బడిలో ఏడ్చినప్పుడు కూడా ఆవిడ అంత మెత్తగా మాట్లాడలేదు.

నేను కిటికీ వైపు చూశాను. అమ్మ ఆ చీటీని చూస్తోంది. ఆశ్చర్యం లేదు, కోపం లేదు. ఎండబెట్టిన చేపను తిప్పి చూసినట్టు చూసి, నా వైపు తిరిగి, తల అడ్డంగా ఊపింది. ఒక్కసారే.

"లేదు టీచర్," అన్నాను.

నల్లబల్ల మీద సెవెరోకు ఇంకో గీత పడింది. మిగిలిన నాలుగు చీటీలు చెరి రెండు పడ్డాయి. నూట పన్నెండు, నూట పన్నెండు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. నాన్న మా కంటే ముందే వచ్చి అన్నం దించి, చేప ముక్కలు పుల్లని సిర్కాలో నానవేసి, అల్లం తరుగుతున్నాడు. అమ్మ కాళ్ళు కడుక్కుని కూర్చుంది. నేను కూర్చోలేదు. నాన్న కత్తి పక్కన పెట్టాడు.

"పారెకి మాట ఇచ్చేశాను బసిల్. ఆగస్టులో, పండగ భోజనాల దగ్గర, పదిమంది ముందు. నువ్వు నిలబడతావని అప్పుడు నాకేం తెలుసు?"

"తెలుసులే."

"ఏం తెలుసు?"

"నాకు వెయ్యవని. నెల రోజులు బోర్డులు రాశావు, మేకులు కొట్టావు. గెలుస్తావే అని ఒక్కసారైనా అన్నావా? నీకు అబద్ధం చేతకాదు మకారియో."

అది విని నాకు ఇంకా మండింది. తెలిసీ ఎందుకు ఊరుకున్నావని అమ్మ మీద అరిచాను. నన్ను ఒక్క మాట అననిచ్చి ఉంటే ఈపాటికి కాపితాన్‌వి అయ్యేదానివి అన్నాను. ఆ మనిషి ఇచ్చిన మాట కోసం మనల్ని ముంచాడు, నువ్వేమో ఆయన పరువు కోసం మునిగావు అన్నాను. అమ్మ కంచాలు పెడుతూ అంతా వింది.

"పరువు కోసం కాదు. ఆ ఓటు ఆయనది, నాది కాదు. ఒకరి ఓటు లాక్కుని గెలిచి, రేపు ట్రాలర్‌వాడి దగ్గరికి పోయి, నీది కానిచోట చెయ్యి పెట్టకురా అని ఏ మొహంతో చెప్పను?" అంది. నా కంచంలో అన్నం వడ్డించి, "రేపు ఇంకా నాణెం ఉంది. కూర్చో, తిను," అంది.

నేను తిన్నాను గానీ నాన్నతో మాట్లాడలేదు. ఆ మర్నాడూ మాట్లాడలేదు.

ఓట్లు సమానమైతే నాణెం ఎగరెయ్యడం మా దగ్గర ఉన్నదే. మంగళవారం పొద్దున అదే గదిలో, అదే టీచరు ముందు. మూడుసార్లు ఎగరెయ్యాలి, రెండుసార్లు పడినవాళ్ళది పదవి. సెవెరో బొమ్మ కోరుకున్నాడు, అమ్మ బొరుసు. మొదటిసారి బొరుసు పడింది. ఊరు సగం అరిచింది. రెండోసారి బొమ్మ. మిగతా సగం అరిచింది. మూడోసారి నాణెం టీచరు చేతిలోంచి జారి బల్లల కిందికి దొర్లిపోయింది. కాబోయే కాపితాన్లు ఇద్దరూ మోకాళ్ళ మీద వంగి బల్లల కింద వెతుకుతుంటే నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ముందు చూసింది అమ్మే.

"బొమ్మ," అని తనే చెప్పింది.

లేచి, గౌను మోకాళ్ళ దగ్గర దులుపుకుని, సెవెరోకు చెయ్యి ఇచ్చింది. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. గెలిచినవాడు ఏడుస్తుంటే ఓడిపోయినావిడ ఓదార్చడం నేను అదొక్కసారే చూశాను. రేపు ఇంటికి వస్తాను పారె, నీతో పని ఉంది అని చెప్పి అమ్మ బయటికి నడిచింది.

మర్నాడు నన్ను కూడా తీసుకుని నిజంగానే వెళ్ళింది. సెవెరో మళ్ళీ తిన్నావా అని అడిగాడు. ఈసారి అమ్మ కూర్చుని తింది. తిన్నాక, సముద్రం కాపలాకు మనిషి కావాలని ఊరికి ఎప్పుడో ఉత్తర్వు వచ్చింది కదా, ఎవరూ ముందుకు రాలేదు కదా, ఆ పని నాకు రాసివ్వు అంది. సెవెరో ఉలిక్కిపడ్డాడు. వాళ్ళవి పెద్ద పడవలనీ, ఒడ్డున ఉండి అరవడం వేరు, నీళ్ళ మీద ఎదురుపడటం వేరనీ చెప్పి చూశాడు. జీతం లేదన్నాడు. పడవ లేదు, డీజిల్ లేదన్నాడు. అమ్మ అన్నిటికీ తలూపింది. పడవ మాది, డీజిల్‌కు ఆడవాళ్ళం తలా ఇంత వేసుకుంటాం అంది.

"అన్నీ నీవే అయితే ఇక నా దగ్గర ఏముంది మారె?"

"ముద్ర. సగం ఊరు నాకు వేసింది పారె. ఆ సగానికి కూడా నువ్వే కాపితాన్‌వి."

సెవెరో చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆ తర్వాత కాగితం తెప్పించి, రాసి, ముద్ర కొట్టి ఇచ్చాడు. మేం గుమ్మం దిగుతుంటే జాగ్రత్త మారె అన్నాడు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఇంట్లో మాత్రం రోజులు బరువుగా నడిచాయి. అమ్మ నాన్నతో ఎప్పటిలాగే మాట్లాడేది. ఉప్పు అడిగేది, వల ఎండిందా అని అడిగేది. నాన్నకు అదే ఎక్కువ శిక్ష అయింది. తిట్టి ఉంటే ఒకపూటకు తీరిపోయేది. ఆయన తెల్లారకముందే లేచి గిన్నెలు తోమేవాడు, మంచినీళ్ళు తెచ్చేవాడు. ఏదో ఒక వంకతో నన్ను పలకరించేవాడు. ఫినా, నీ చెప్పు తెగింది, కుట్టనా? ఫినా, కొబ్బరి నీళ్ళు తాగుతావా? నేను వినపడనట్టు పోయేదాన్ని. తప్పని తెలుసు.

ఎన్నిక జరిగిన పదకొండో రోజు పొద్దున ట్రాలర్లు వచ్చాయి. ఎన్నికలు అయిపోయాయి, ఊరు సద్దుమణిగిందని అనుకున్నట్టున్నారు. పట్టపగలే, ఎండ బాగా వచ్చాక, ఒకటి దిబ్బ అంచుకు కొంచెం అవతల నిలబడి వల సర్దుకుంటోంది. అమ్మ కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి గౌను లోపల దోపుకుంది. మా వీధి చివర ఉండే ఒలీవా అక్కను, ఆవిడ కోడల్ని పిలిచింది. నలుగురం కలిసి నాన్న పడవను నీళ్ళలోకి తోశాం. ఇంజను నడపడం మాలో ఎవరికీ సరిగ్గా రాదు. తెడ్లు వేసుకుంటూ పోదామంది అమ్మ.

మోకాటి లోతులో ఉండగా నాన్న డీజిల్ డబ్బా పట్టుకుని నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చాడు. అమ్మ రమ్మనలేదు, వద్దనీ అనలేదు. ఆయన వెనక ఎక్కి, ఇంజనుకు తాడు చుట్టి లాగాడు. నేను ముందు కూర్చుని వెనక్కి తిరగలేదు.

దగ్గరికి వెళ్ళేసరికి ట్రాలర్ మాకు రెండు మిద్దెల ఎత్తున కనిపించింది. రెయిలింగ్ మీద నలుగురు మగవాళ్ళు మోచేతులు ఆనించి మమ్మల్ని చూసి నవ్వుతున్నారు. వాళ్ళల్లో పెద్దాయన చేతులు నోటి చుట్టూ పెట్టుకుని, ఏమ్మా, గుల్లలు అమ్మడానికి వచ్చారా అని అరిచాడు. అమ్మ పడవలో లేచి నిలబడింది. అల వచ్చినప్పుడల్లా ఒలీవా అక్క ఆవిడ నడుం పట్టుకుంటోంది.

"ఇది బంతిగి నీళ్ళు. వల పైకి తీసి వెళ్ళిపోండి."

"చెప్పడానికి నువ్వెవరు? ఊరి కాపితాన్‌వా?"

"కాదు. ఓడిపోయాను."

వాళ్ళు పగలబడి నవ్వారు. అమ్మ వాళ్ళు నవ్వడం అయ్యేదాకా ఆగింది.

"మా ఊళ్ళో నూట పన్నెండు మంది ఇక్కడ వల పడకూడదన్నారు. వాళ్ళ తరఫున వచ్చాను. కాగితం ఉంది, ముద్ర ఉంది. చూస్తావా?"

పైనున్నవాడు పక్కవాడి వైపు చూశాడు. మా ఇంజను ఆపి ఉంది. పడవ ఒరగకుండా రెండు పక్కలా కట్టిన వెదుళ్ళకు నీళ్ళు కొట్టుకుంటున్నాయి. అప్పుడు వెనక నుంచి నాన్న అన్నాడు. గట్టిగా కాదు, కానీ పైవాళ్ళకు వినపడేట్టు.

"నూట పదమూడు."

అమ్మ తిరిగి చూడలేదు. ఆవిడ భుజాలు మాత్రం కొంచెం దిగాయి, బుట్ట దించుకున్నప్పుడు దిగినట్టు. ట్రాలర్ మీదివాడు ఏదో అరిచి చెయ్యి ఊపాడు. వాళ్ళ ఇంజను మొదలైంది. నాన్న మా ఇంజనుకూ తాడు లాగాడు. ట్రాలర్ వల ఈడ్చుకుంటూ ముందుకు కదిలింది, నేరుగా దిబ్బ వైపు. మమ్మల్ని తప్పించుకుని పోతారో, మా మీదికే వస్తారో తెలియదు. నేను వెనక్కి తిరిగి నాన్న మొహంలోకి చూశాను.

"నాన్నా, ఎడమకి తిప్పు. వలకి అడ్డం పడాలి."

పదకొండు రోజుల తర్వాత నేను ఆయనతో అన్న మొదటి మాట అది. నాన్న తిప్పాడు.